విదేశీ ఉద్యోగానికి ఊరు మెచ్చని సలహాలు

ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట వైపు వెళ్తే వెల్డరో ఫిట్టరో రిగ్గరో బయట దేశంలో లేని వీధి దొరకడం కష్టం. చీపురుపల్లి, రాజాం, గజపతినగరం వైపు నుంచి ఇంజనీర్లు, నర్సులు కూడా వెళ్తున్నారు. విదేశం మనకు కొత్త కాదు. మన ముందుతరాలు రంగం (రంగూన్) వెళ్ళాయి. ఆ రోజుల్లో మేస్త్రీ ముందుగా అడ్వాన్సు చేతిలో పెట్టి ఓడ ఎక్కించేవాడు. ఆ బాకీ తీరేదాకా కూలీ అతని చెప్పుచేతల్లోనే ఉండేవాడు. ఇప్పుడు పనికి వెళ్ళేవాడే ఎదురు డబ్బు కట్టి వెళ్తున్నాడు. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు మారారు గానీ బాకీ మాత్రం పనివాడి మెడ మీదే ఉండిపోయింది.

ఈ ప్రయాణానికి ముందు ఇంట్లో పెద్దలు నాలుగు మంచిమాటలు చెబుతారు. గుట్టుగా ఉంచమంటారు, తొందరపడమంటారు, మనవాణ్ణి నమ్మమంటారు, శుభమా అని బయల్దేరేటప్పుడు చెడు మాట్లాడొద్దంటారు. ప్రేమతో చెప్పే మాటలే అవన్నీ. కానీ విదేశీ ఉద్యోగం దగ్గర అవి మోసగాడికే ఎక్కువ అక్కరకొస్తున్నాయి. అందుకే కింద రాసినవన్నీ వాటికి ఎదురు సలహాలు. మీ ఇంట్లో ఎవరో ఒకరు వీటిని తప్పుపట్టవచ్చు. అయినా పాటించండి. అన్నిటికీ మూలం ఒక్కటే: కట్టే ప్రతి రూపాయికీ ఒక కాగితం ఉండాలి, చేతికొచ్చే ప్రతి కాగితం వెనకా ఒక నిజం ఉండాలి.

గుట్టుగా ఉంచకండి, వీధంతా చెప్పండి

"వీసా పడేదాకా ఎవరికీ సెప్పకురా, దిష్టి తగులుద్ది" అంటుంది అమ్మ. ఏజెంటు కూడా అదే చెబుతాడు: "పది సీట్లే ఉన్నాయి, తెలిస్తే అందరూ వచ్చి మీద పడతారు." అమ్మ భయం వేరు, ఏజెంటు భయం వేరు. నలుగురికీ తెలిస్తే నలుగురూ నాలుగు ప్రశ్నలు వేస్తారని అతని భయం.

ఒకే కంపెనీ పేరు చెప్పి కవిటిలో ఒకరి దగ్గర, కంచిలిలో ఒకరి దగ్గర, సోంపేటలో మరొకరి దగ్గర డబ్బు తీసుకోవచ్చు. ఎవరికి వారు గుట్టుగా ఉంటే ఎవరికీ అనుమానం రాదు. ఆర్నెల్లు గడిచాక ముగ్గురూ ఒకే పోలీస్ స్టేషన్ మెట్ల మీద కలుస్తారు. అదేదో ముందే కలిసి ఉంటే డబ్బు మిగిలేది.

2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తుంచుకోండి. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి డబ్బు కట్టించుకుని, కుర్రాళ్ళను కంబోడియా చేర్చి, అక్కడ వాళ్ళతో బలవంతాన సైబర్ మోసాలు చేయించారు. చెప్పిన దేశం ఒకటి, చేరిన దేశం ఇంకొకటి.

అందుకని ఆఫర్ లెటర్ రాగానే దాచకండి. ఆ దేశంలో పనిచేసి వచ్చినవాళ్ళకు చూపించండి. ఊళ్ళో ఇంగ్లీషు బాగా చదివే మాస్టారికి చూపించండి. మీతో పాటు ఇంకెవరికి ఆ కంపెనీ ఆఫర్ వచ్చిందో వాకబు చేయండి. దిష్టి తగిలితే ఎర్రనీళ్ళతో తీసెయ్యొచ్చు, పోయిన లక్షన్నర అలా రాదు.

మనవాడైతే ఇంకా గట్టిగా అడగండి

"మనోడే గదా, ఏటవుద్ది" అన్న మాట దగ్గరే చాలా కథలు మొదలవుతాయి. బావగారి తమ్ముడో, పక్క వీధి వాడో, చదువుకునే రోజుల స్నేహితుడో మధ్యలో ఉంటాడు. అతను చెడ్డవాడు కానక్కర్లేదు. చాలాసార్లు అతను కూడా పై ఏజెంటు మాట నమ్మినవాడే. కానీ డబ్బు పోయిన రోజున అతని దగ్గర తిరిగివ్వడానికి ఏమీ ఉండదు, పైగా చుట్టరికం పోతుంది. చుట్టరికం నిలబడాలన్నా ముందే అడగాలి.

ఏమడగాలి? 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం 10వ సెక్షన్ ప్రకారం, కేంద్ర విదేశాంగ శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లేకుండా ఏ ఏజెంటూ విదేశీ ఉద్యోగాలకు మనుషులను తీసుకోకూడదు. ఆ లైసెన్సు ఉన్న ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉంటుంది. సెల్‌ఫోన్‌లోనే చూడొచ్చు. సంస్థ పేరు ఒక్కటే చూసి ఊరుకోకండి. పేరులో అక్షరాలు అవేనా, చిరునామా అదేనా, గడువు ఇంకా ఉందా, లైసెన్సు సస్పెన్షన్‌లో ఉందా అన్నవన్నీ చూడండి. తర్వాత ఆ పోర్టల్‌లో ఉన్న నంబరుకే ఫోన్ చేయండి, మీ చేతికిచ్చిన విజిటింగ్ కార్డు మీది నంబరుకు కాదు. "ఫలానా వ్యక్తి మీ మనిషేనా? ఫలానా కంపెనీ డిమాండ్ లెటర్ మీ దగ్గర ఉందా?" అని రెండే ప్రశ్నలు అడగండి.

ఊళ్ళల్లో తిరిగే సబ్ ఏజెంటుకు చట్టంలో చోటు లేదు. అతను సాయం చేస్తే సంతోషం, టీ తాగించండి. డబ్బు మాత్రం లైసెన్సున్న సంస్థ బ్యాంకు ఖాతాలోనే వెయ్యండి. అతని సొంత ఖాతాకో, అతని భార్య ఫోన్‌పేకో పంపకండి. ఇలా అడిగితే కోపం తెచ్చుకునే మనిషి దగ్గర నుంచి ఆ క్షణమే లేచి వచ్చేయండి.

బేరం ఆడకండి, పద్దు రాయించండి

రెండు లక్షలు అడిగితే లక్షన్నరకు ఒప్పించి, యాభై వేలు మిగిలాయని సంబరపడతాం. అసలు ఆ రెండు లక్షలు దేనికి అడిగాడన్నది ఎవరూ అడగరు. కొబ్బరికాయలు ఒక్కొక్కటీ లెక్కపెట్టి అమ్ముకునే రైతు, ఏజెంటు చేతిలో నోట్ల కట్ట పెట్టేటప్పుడు లెక్క అడగకపోవడం ఎంత అన్యాయం!

తెలిసి ఉండాల్సిన అంకెలు ఇవి. 36 పేజీల కొత్త పాస్‌పోర్టుకు మామూలుగా 1,500 రూపాయలు, తత్కాల్‌లో 3,500. పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు 500. ఎమిగ్రేషన్ క్లియరెన్సుకు 200. ప్రవాసీ భారతీయ బీమా యోజన ప్రీమియం రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375, పన్ను అదనం. పత్రం మీద అపోస్టిల్ ముద్రకు విదేశాంగ శాఖ రుసుము 50, దాఖలు చేసే సంస్థ సర్వీసు ఛార్జీ కొంత. ఇక లైసెన్సున్న ఏజెంటు అభ్యర్థి నుంచి తీసుకోదగ్గ సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు. 18 శాతం జీఎస్టీ కలిపితే 35,400. దానికి రసీదు ఇవ్వడం అతని విధి.

మెడికల్, ట్రేడ్ టెస్టు, పత్రాల ధ్రువీకరణ ఖర్చులు దేశాన్ని బట్టి విడిగా ఉంటాయి. వాటికీ ఎక్కడికక్కడ రసీదు ఉంటుంది. కొన్ని దేశాల్లోనైతే నియామకం ఖర్చు పనివాడి మీద వెయ్యడమే చట్టవిరుద్ధం. యూఏఈ 2021 నాటి కార్మిక చట్టంలో ఆ మాట స్పష్టంగా ఉంది.

కాబట్టి తెల్ల కాగితం తీసి ఏజెంటు ముందు పెట్టండి. "ఏ పద్దుకు ఎంతో రాసివ్వండి, అన్నీ కడతాను" అనండి. రాయలేని పద్దుకు డబ్బు ఇవ్వకండి. "వీసా ఖర్చులు" అని ఒక్క ముక్కలో తేలిస్తే, ఏ ప్రభుత్వానికి కట్టే ఖర్చో, రసీదు ఎవరి పేరు మీద వస్తుందో అడగండి.

రాని జీతాన్ని ముందే ఖర్చు పెట్టి చూడండి

రాని డబ్బు లెక్కపెట్టుకోకూడదంటారు. ఈ ఒక్క విషయంలో లెక్కపెట్టండి, అప్పు నోటు రాయక ముందే.

లక్షన్నర అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ అనుకుందాం. నెలకు వడ్డీ 4,500. జీతం మన రూపాయల్లో 28,000 అనుకుందాం. అక్కడ తిండికీ ఫోనుకూ 6,000, ఇంటికి 10,000, వడ్డీకి 4,500 తీసేస్తే మిగిలేది 7,500. ఆ మిగులంతా కూడబెట్టి లక్షన్నర అసలు కట్టడానికి 20 నెలలు. రెండేళ్ళ కాంట్రాక్టులో తనకోసం సంపాదించేది చివరి నాలుగు నెలలే. మధ్యలో జ్వరం వచ్చి పది రోజులు పడుకుంటే వాటిలో ఒక నెలకు పైగా, కంపెనీ ఒక నెల జీతం ఆపితే దాదాపు నాలుగు నెలలూ కరిగిపోతాయి.

మెడికల్ లాంటి విడి ఖర్చులు పక్కన పెట్టి, అదే మనిషి చట్టప్రకారం 38,000 లోపు ఖర్చుతో వెళ్తే? వడ్డీ నెలకు 1,140. మిగిలేది 10,860. నాలుగో నెలకల్లా అప్పు తీరిపోతుంది. ఉద్యోగం అదే, జీతం అదే, ఎండ అదే. తేడా అంతా బయల్దేరక ముందు కట్టిన డబ్బులో ఉంది.

కవిటి, కంచిలి, సోంపేట ఉన్న ఉద్దానంలో ఈ లెక్క ఇంకా బరువైనది. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది. కొబ్బరి మొక్క మళ్ళీ నాటితే కాపుకు వచ్చేసరికి ఏళ్ళు పడుతుంది. ఆ మధ్యకాలం గడవడానికి విదేశం వెళ్ళాలనుకున్న కుటుంబం, మిగిలిన తోట కాగితాలే తాకట్టు పెట్టి ఏజెంటుకు కడితే రెండు దెబ్బలు తగిలినట్టే. రిఫైనరీల మరమ్మతుకు పిలిచే రెండు మూడు నెలల షట్‌డౌన్ పనికైతే పెద్ద అప్పు అసలు చెయ్యకండి. డ్వాక్రా సంఘంలో ఇంటావిడ పేరున తీసిన అప్పును ఏజెంటుకు ఇచ్చే ముందు ఈ లెక్కంతా ఆమె చేతే వేయించండి. వాయిదా కట్టేది ఆమే కాబట్టి, "సరే" అనే హక్కూ "వద్దు" అనే హక్కూ ఆమెదే.

తేలికైన కాగితం చివర్న, మొండి కాగితం ముందు

ఏజెంటు మొదట మెడికల్‌కు పంపుతాడు. ఒక్క రోజులో అయిపోతుంది, పని మొదలైందన్న నమ్మకం కలుగుతుంది, వెంటనే మొదటి వాయిదా అడగొచ్చు. మీరు దాన్ని చివరికి నెట్టండి. మెడికల్ రిపోర్టు కొద్ది నెలలే చెల్లుతుంది. వీసా ఆలస్యమైతే మళ్ళీ చేయించుకుని మళ్ళీ డబ్బు కట్టాలి. పోలీస్ క్లియరెన్స్ కూడా పాతబడితే తీసుకోరు. ఐఇఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్ళు ఆగుతుంది.

ముందు చేయాల్సినవి గడువు త్వరగా తీరని, ఓ పట్టాన తెమలని పనులు. పాస్‌పోర్టు, పేరు సవరణలు, ఐటీఐ లేదా డిగ్రీ అసలు సర్టిఫికెట్లు, ట్రాన్‌స్క్రిప్టులు, పాత యజమానుల అనుభవ పత్రాలు. వీటికి నెలలు పడతాయి గానీ ఒకసారి చేతికొస్తే ఏ దేశానికైనా పనికొస్తాయి.

పట్టా విషయంలో మన వైపు ఒక మెలిక ఉంది. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయం ఏర్పడింది 2022లో. అంతకు ముందు ఇక్కడి కాలేజీల్లో ఇంజనీరింగ్ చదివిన చాలామంది పట్టాలు కాకినాడ జేఎన్‌టీయూ పేరుతో ఉన్నాయి. ట్రాన్‌స్క్రిప్టు ఇవ్వాల్సింది పట్టా మీద పేరున్న విశ్వవిద్యాలయమే. కాలేజీ ఊరు చూసి బయల్దేరకుండా పట్టా చూసి బయల్దేరండి.

ధ్రువీకరణ కూడా దేశాన్ని బట్టి మారుతుంది. భారతదేశం 2005లో హేగ్ అపోస్టిల్ ఒప్పందంలో చేరింది. ఆ ఒప్పందంలో ఉన్న దేశాలకు అపోస్టిల్ ముద్ర చాలు. సౌదీ అరేబియా 2022లో ఆ ఒప్పందంలోకి వచ్చింది. యూఏఈ, కువైట్, ఖతార్‌లకు మాత్రం రాష్ట్ర ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర, ఆపైన ఆ దేశపు ఎంబసీ ముద్ర దాకా వెళ్ళాలి. ఏ దేశమో తేలకముందే "అన్ని ముద్రలూ వేయించేస్తాం" అనేవారికి డబ్బు కట్టకండి.

ఒక్క అక్షరం కోసం ప్రయాణం ఆపండి

"చిన్న తేడాయే గదా, అక్కడెవడు చూత్తాడు" అంటారు. అక్కడ చూసేది అదొక్కటే. ఆ అధికారికి మీ మొహం తెలీదు, మీ ఊరు తెలీదు. అతని ముందున్నవి అక్షరాలే.

ఒక మనిషి కాగితాలు నాలుగూ బల్ల మీద పరిచి చూడండి. పదో తరగతి మార్కుల జాబితాలో "బి. అప్పలనాయుడు". పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి, ఆపైన "అప్పల నాయుడు" రెండు ముక్కలుగా. ఆధార్‌లో పేరు ముందు, ఇంటిపేరు వెనక. ఐటీఐ సర్టిఫికెట్‌లో ఇంటిపేరే లేదు. నాయుడు అన్న మాట ఇంగ్లీషులో ఒక చోట ఎన్ఏఐడీయూ, ఇంకో చోట ఎన్ఏవైయూడీయూ. మనకు నలుగురూ ఒక్కడే. కంప్యూటరుకు నలుగురు మనుషులు.

సింహాచలం అన్న పేరు మన దగ్గర ఆడవాళ్ళకూ ఉంది, మగవాళ్ళకూ ఉంది. అలాంటి పేరున్నవాళ్ళు ప్రతి పత్రంలోనూ లింగం గడి కూడా సరిచూసుకోవాలి. ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి ఒకే పేరుతో పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్ళ విజిట్ వీసాల మీద ఆంక్ష పెట్టినప్పుడు దక్షిణాది వాళ్ళు ఎందరో ఇబ్బందిపడ్డారు.

చిరునామా సంగతి ఇంకొకటి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరంలోకి వచ్చింది. పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది. పాత సర్టిఫికెట్లో ఒక జిల్లా, కొత్త ఆధార్‌లో ఇంకో జిల్లా ఉండడం తప్పు కాదు. కానీ దరఖాస్తులో ఒక చోట పాత జిల్లా, ఇంకో చోట కొత్త జిల్లా రాయకండి. ఇప్పటి జిల్లానే అన్ని చోట్లా రాసి, మార్పు గురించి అడిగితే చూపడానికి ఒక వివరణ దగ్గర పెట్టుకోండి.

పదో తరగతి జాబితాను కదపడం కష్టం. అందుకని దాన్నే ఆధారం చేసుకుని మిగతావి దాని దారిలోకి తెచ్చుకోండి. ఏజెంటు "నేను మేనేజ్ చేస్తాను" అంటే వద్దనండి. పేరు మీది, రేపు నిలదీసేదీ మిమ్మల్నే.

ఉన్న అనుభవం కంటే ఒక్క రోజు కూడా ఎక్కువ రాయకండి

"మూడేళ్ళు సేసావు, ఐదని రాత్తే జీతం ఎక్కువొత్తాది" అనే శ్రేయోభిలాషి ప్రతి వీధిలో ఉంటాడు. వినకండి. సౌదీ అరేబియా ఇప్పుడు వెల్డర్, ఎలక్ట్రీషియన్, ప్లంబర్ లాంటి పనులకు మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పెట్టి పాసైతేనే రమ్మంటోంది. 6జి వెల్డింగ్ వచ్చని రాసి, పైపు ముందు నిలబడ్డాక చెయ్యి వణికితే ఐదేళ్ళ సర్టిఫికెట్ కాపాడదు.

తెల్లకాలర్ ఉద్యోగాల్లో శిక్ష ఇంకా పెద్దది. దరఖాస్తులో అబద్ధం దొరికితే కెనడా ఐదేళ్ళు గుమ్మం తొక్కనివ్వదు. బ్రిటన్ పదేళ్ళ దాకా నిషేధించగలదు. కన్సల్టెన్సీ పెట్టిన దొంగ పత్రమైనా సంతకం మీదే, నిషేధమూ మీకే.

అబద్ధానికి పెట్టే డబ్బూ శ్రమా నిజాన్ని నిరూపించడానికి పెట్టండి. మన కుర్రాళ్ళు చాలామంది విశాఖ స్టీల్ ప్లాంటులో, రిఫైనరీల్లో, షిప్‌యార్డుల్లో కాంట్రాక్టర్ల కింద పనిచేసినవాళ్ళే. కాంట్రాక్టర్ ఉత్తరం ఇవ్వకపోయినా, పీఎఫ్ కట్టి ఉంటే ఆ ఖాతా స్టేట్‌మెంట్ ఉంటుంది. ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎవరి కింద పనిచేశారో అందులో ప్రభుత్వ రికార్డుగా ఉంటుంది. దానికి తోడు పాత గేటు పాసులు, జీతం పడిన బ్యాంకు పాస్‌బుక్ పేజీలు, వెల్డర్ అర్హత పరీక్ష కాగితాలు పారెయ్యకుండా దాచండి. నిజమైన మూడేళ్ళు కల్పించిన ఐదేళ్ళ కంటే బలమైనవి.

డబ్బు కట్టకుండా ఎంత దూరం పోగలరో అంత దూరం పొండి

ఇంజనీర్లకు, నర్సులకు ముఖ్యంగా ఈ మాట. "ముందు డబ్బు కడితేనే ఫైలు కదులుతుంది" అనుకుంటాం. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ప్రొఫైల్ తెరవడానికి రుసుమే లేదు. ఇమ్మిగ్రేషన్ రుసుము కట్టేది ఆహ్వానం వచ్చాకే. ఆహ్వానం వచ్చాక పూర్తి దరఖాస్తుకు ఉండేది 60 రోజులు. ఆ 60 రోజుల్లో కాగితాలు వెతుక్కునేవాడు తప్పులు చేస్తాడు. అంతకు ముందే అన్నీ సిద్ధం చేసుకున్నవాడు స్థిమితంగా పంపుతాడు. కెనడా ఉద్యోగ ఆఫర్ అమ్ముతామనేవాళ్ళు ఇంకా తిరుగుతున్నారు. ఆ దందాను అరికట్టడానికే 2025 మార్చిలో ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో జాబ్ ఆఫర్‌కు ఇచ్చే పాయింట్లను తీసేశారు. తీసేసిన పాయింట్లకు లక్షలు పొయ్యకండి.

బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసాలో ఎవరు ఏది కట్టాలన్నది తేటతెల్లం. స్పాన్సర్ లైసెన్సు, సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్, ఇమ్మిగ్రేషన్ స్కిల్స్ ఛార్జి యజమాని కట్టేవి. మీరు కట్టేది వీసా రుసుము, ఆరోగ్య సర్‌ఛార్జి. ఆ సర్‌ఛార్జి 2024 ఫిబ్రవరి నుంచి చాలామందికి ఏడాదికి 1,035 పౌండ్లు, ఆరోగ్య రంగం వీసా మీద వెళ్ళేవారికి ఉండదు. వీటిని ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీ కార్డుతో మీరే కట్టొచ్చు. సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్‌కు పది లక్షలు, పదిహేను లక్షలు అడిగితే అది రుసుము కాదు, దోపిడీ. కేర్ వర్కర్ల కొత్త నియామకాలను విదేశాల నుంచి బ్రిటన్ 2025 జూలైలో ఆపేసింది. ఇంకా ఆ ఉద్యోగం ఇప్పిస్తామనేవారికి నమస్కారం పెట్టి వచ్చేయండి.

గల్ఫ్ సహా 18 దేశాలకు వెళ్ళే నర్సులకు 2015 నుంచి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి, పాస్‌పోర్టులో ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) ముద్ర లేకపోయినా సరే. ఆంధ్రప్రదేశ్‌లో ఇందుకు ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ఉంది. ప్రైవేటు గుమ్మం తొక్కే ముందు అక్కడ వాకబు చేయండి.

సంతకం పెట్టమన్న రోజున పెట్టకండి

"రేపటికి సీట్లైపోతాయి, ఇప్పుడే సంతకం పెట్టు" అన్నప్పుడు కాగితం ఇంటికి తెచ్చుకోండి. ఒక్క రాత్రి ఆగలేని ఉద్యోగం రెండేళ్ళు నిలబడదు.

ఆ రాత్రి దీపం కింద ఆఫర్ లెటర్ చూడండి. ఈమెయిల్ చిరునామా కంపెనీదా, జీమెయిలా? మూల వేతనం విడిగా, తిండి భత్యం విడిగా, ఓవర్‌టైం విడిగా ఉన్నాయా, లేక ఒకే అంకె ఉందా? రోజుకు ఎన్ని గంటలు, వారానికి ఎన్ని రోజులు? పని ఏ ఊళ్ళో? రానూపోనూ టికెట్టు ఎవరిది? వసతి ఎవరిది? మీ పని పేరు "వెల్డర్" అని ఉందా, "లేబర్" అని ఉందా? లేబర్ అని ఉంటే అక్కడ వెల్డింగ్ చేయించుకుని లేబర్ జీతమే ఇస్తారు.

తర్వాత వీసా కాగితం చూడండి. పదో తరగతి పాసవ్వని వాళ్ళ పాస్‌పోర్టుకు సాధారణంగా ఈసీఆర్ ఉంటుంది. అలాంటివాళ్ళు ఆ 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాలి. దాన్ని తప్పించడానికి "విజిట్ మీద ఎల్లిపో, అక్కడ మార్పిస్తాం" అంటారు. విజిట్ వీసా మీద పనిచేస్తే చట్టం దృష్టిలో మీరు పనివాడు కాదు. జీతం ఎగ్గొట్టినా, దెబ్బ తగిలినా అడిగే ఆధారం ఉండదు. ఖాళీ కాగితం మీద, ఖాళీ ప్రామిసరీ నోటు మీద సంతకం అసలు వద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏజెంటు బీరువాలో ఉంచకండి.

బయల్దేరే ముందు చెడు మాట్లాడండి

ఈ సలహాకు అందరికంటే ఎక్కువ కోపగించుకునేది ఇంటి ఆడవాళ్ళే. అయినా అందరికంటే వాళ్ళకే ఇది అవసరం. ప్రయాణానికి ముందు ఒక పూట కూర్చుని అడగండి: దెబ్బ తగిలితే ఎలా, జీతం రాకపోతే ఎలా, మనిషి తిరిగి రాకపోతే ఎలా?

ప్రవాసీ భారతీయ బీమా కింద ప్రమాదంలో మరణించినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు వస్తాయి. ఆ పాలసీ కాగితం ఎక్కడుంది? నామినీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే రాశారా? కాంట్రాక్టు, వీసా, పాస్‌పోర్టు, ఏజెంటు రసీదుల నకళ్ళు ఇంట్లో ఒక కవరులో, ఇంటావిడ ఫోనులో మరొక సెట్టు ఉండాలి. కంపెనీ పేరు, క్యాంపు ఉన్న ఊరు, ఒక తోటి పనివాడి నంబరు ఇంట్లో రాసిపెట్టాలి. విదేశాంగ శాఖ సహాయ కేంద్రం నంబరు 1800 11 3090 గోడ క్యాలెండరు మీద రాయండి. జీతం, పాస్‌పోర్టు గొడవలకు మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు ఇంటి నుంచే పెట్టొచ్చు. ఆంధ్రప్రదేశ్ ప్రవాసాంధ్రుల సంస్థ ఏపీఎన్ఆర్‌టీ కూడా ఇలాంటి కేసుల్లో సాయపడుతుంది. వెళ్ళే ముందు ప్రభుత్వం ఇచ్చే ఒక్క రోజు శిక్షణ ఉచితం. దాన్ని మానుకోవద్దు.

పెట్టిన కాలు వెనక్కి తీయండి

బయల్దేరిన కాలు వెనక్కి తీయకూడదంటారు. విమానాశ్రయంలో చేతికిచ్చిన వీసా మీద వేరే దేశం పేరుంటే వెనక్కి తీయండి. కాంట్రాక్టులో జీతం మారితే తీయండి. చివరి క్షణంలో "ఇంకో ఇరవై వేలు" అంటే తీయండి. ఊళ్ళో నవ్వుతారని వెళ్ళకండి. నవ్వు నాలుగు రోజులుంటుంది, అప్పు నాలుగేళ్ళుంటుంది.

ఇప్పటికే కట్టేసి ఎదురుచూస్తున్నవాళ్ళు కూడా ఊరికే కూర్చోవద్దు. బ్యాంకు లావాదేవీలు, వాట్సాప్ సందేశాలు, ఏజెంటు ఫోటో, అతను ఇచ్చిన ప్రతి కాగితం ఒక చోట చేర్చండి. మీలాగే కట్టినవాళ్ళను వెతికి కలవండి. పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు తీసుకోండి. ఈ-మైగ్రేట్ పోర్టల్‌కూ, హైదరాబాద్‌లోని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికీ అదే ఫిర్యాదు పంపండి. "కేసు పెడితే డబ్బు రాదు" అని భయపెట్టేది డబ్బు తీసుకున్నవాడే.

చివరి సలహా వెళ్ళేవాళ్ళకు కాదు, పంపేవాళ్ళకు. మోసమని తెలిసీ చాలామంది విమానం ఎక్కేది అప్పు చేసిన నాన్న మొహం చూడలేకే. అందుకని ప్రయాణానికి ముందే, నలుగురి ఎదుటా, మీ గుంటడితో ఈ మాట అనండి: "కాగితం తేడాగా ఉంటే వచ్చెయ్యి నాయనా, అప్పు సంగతి మనందరం కలిసి చూసుకుందాం." ఆ మాట అన్న ఇంటి బిడ్డను ఏ ఏజెంటూ బెదిరించలేడు.